స్టాండ్ అప్, సిట్ డౌన్, నీల్ డౌన్: ఒంటితో నేర్చిన ఇంగ్లీష్ కథ

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 'స్టాండ్ అప్' అంటే ఏంటో మీకు ఎవరు చెప్పారు? ఏ పుస్తకంలో చదివారు? గుర్తు రాదు కదా. 'సిట్ డౌన్'? అదీ అంతే. 'కమ్ హియర్', 'హ్యాండ్స్ అప్' కూడా అంతే. ఇక 'నీల్ డౌన్' సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మాట స్పెల్లింగ్‌లో మొదట ఒక 'కే' ఉంటుందని, దాన్ని పలకకూడదని మనలో చాలామందికి ఇంటర్‌కి వచ్చేదాకా తెలీదు. కానీ దాని అర్థం మాత్రం ఒకటో తరగతిలోనే మన మోకాళ్లకి తెలిసిపోయింది.

ఇంకోటి చూడండి. మీ చేతిలో ఉన్న ఫోన్ తీసుకోండి. 'స్వైప్' అంటే తెలుగులో ఏంటి? 'స్క్రోల్' అంటే? టక్కున చెప్పలేం. బొటనవేలికి మాత్రం బాగా తెలుసు. అదే ఏడో తరగతిలో పరీక్ష కోసం బట్టీ పట్టిన యాభై మీనింగులు ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయి?

అంటే ఒంటితో చేసిన మాట ఉండిపోయింది, నోటితో వల్లించిన మాట పోయింది. ఇది ఇవాళ ఎవరో యూట్యూబ్‌లో కనిపెట్టిన ట్రిక్ కాదు. దీని వెనక దాదాపు నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రాన్స్, జపాన్, అమెరికా, మన మద్రాసు, మన హైదరాబాద్ అన్నీ ఇందులో ఉన్నాయి. ఆ కథని నేను ఇవాళ మద్నూర్ నుంచి చెప్తాను. మద్నూరే ఎందుకంటే, ఈ పద్ధతి అవసరం ఎక్కడైనా ఉందంటే ఇక్కడ ఉంది.

మద్నూర్ తెలియనివాళ్ల కోసం ఒక నిమిషం. కామారెడ్డి జిల్లా, బాన్సువాడ రెవెన్యూ డివిజన్. హైదరాబాద్ నుంచి నాందేడ్ పోయే హైవే మీద, తెలంగాణ అయిపోయే చోట ఉంటుంది. పత్తికి పేరున్న ఊరు. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర, దెగ్లూర్. పక్కన జుక్కల్ వైపు పోతే కర్ణాటక బీదర్ జిల్లా. మూడు రాష్ట్రాలు కలిసే మూల అన్నమాట.

ఈ గీతలు కూడా పాతవేం కాదు. 1948 దాకా ఇదంతా నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగో, మరాఠీయో, కన్నడమో మాట్లాడే పిల్లాడు బడికి పోతే ఉర్దూలో చదవాలి. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు భాషల లెక్కన విడిపోయినప్పుడు, నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లని తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దెగ్లూర్ మాత్రం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది. కాగితం మీద భాషల లెక్క సరిపోయింది. ఇళ్లలో సరిపోలేదు. చుట్టరికాలు, సంతలు, పెళ్లిళ్లు అటూ ఇటూ అలాగే ఉన్నాయి.

అందుకే ఈ సరిహద్దులో ఒకే తరగతి గదిలో 'ఇటు రా' అనే మాటకి నాలుగు రూపాలు వినిపిస్తాయి. తెలుగులో 'ఇటు రా', మరాఠీలో 'ఇక్డే యే', కన్నడలో 'ఇల్లి బా', ఉర్దూలో 'ఇధర్ ఆవ్'. తండాల నుంచి వచ్చే పిల్లలకి లంబాడీ భాష కూడా ఉంటుంది. ఇప్పుడు టీచర్ ఇంగ్లీష్ పాఠం చెప్తూ 'కమ్ అంటే రావడం' అని తెలుగులో అర్థం చెప్పారనుకోండి. సగం మందికి అర్థం చెప్పినట్టు. మిగతా సగానికి ఒక తెలీని మాటకి ఇంకో సగం తెలిసిన మాట అంటించినట్టు.

కానీ చెయ్యి ఊపి 'కమ్ హియర్' అంటే? ఆ చెయ్యి నాలుగు భాషల వాళ్లకీ ఒక్కటే.

సరే, ఈ చెయ్యి ఊపే పద్ధతి ఎక్కడ మొదలైంది? ఒక ఫెయిల్యూర్ దగ్గర. ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా గూయెన్ అని లాటిన్ చెప్పే మాస్టారు ఉండేవాడు. జర్మన్ నేర్చుకోవాలని హాంబర్గ్ వెళ్లాడు. పద్ధతిగా గ్రామర్ మొత్తం మింగేశాడు. క్లాసుకి పోయి కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. మొండివాడు, ఏకంగా డిక్షనరీనే బట్టీ పట్టాడు. అప్పటికీ అంతే. మనలో చాలామందికి ఈ బాధ తెలుసు కదా.

ఓడిపోయి ఇంటికి వచ్చేసరికి, వెళ్లేటప్పుడు మాటలు రాని మేనల్లుడు గలగలా మాట్లాడుతున్నాడు. మూడేళ్లవాడు. ఒకరోజు వాణ్ని పిండిమర చూపించడానికి తీసుకెళ్లారు. వాడు అంతా తిరిగి చూశాడు. ఇంటికొచ్చి చిన్న చిన్న సంచులు కట్టి, నీళ్ల దగ్గర బొమ్మ మర పెట్టుకుని, సంచి మోస్తూ, గింజలు పోస్తూ, ప్రతి పనికీ మాట చెప్పుకుంటూ ఆడటం మొదలుపెట్టాడు. గూయెన్‌కి అక్కడ తట్టింది. పిల్లాడు మాటల్ని లిస్టులా నేర్చుకోవట్లేదు, పనుల వరసలో నేర్చుకుంటున్నాడు. 1880లో ఆయన పుస్తకం వచ్చింది. తలుపు తీయడం లాంటి ఒక్క పనిని పది పదిహేను చిన్న పనులుగా విడగొట్టి, చేస్తూ చెప్పించడం ఆయన పద్ధతి. 1892లో ఇంగ్లీష్ అనువాదం రావడంతో పేరు బయటికి పాకింది.

తర్వాత జపాన్. అక్కడా మన సమస్యే. పిల్లలు ఇంగ్లీష్ చదివేవాళ్లు, పరీక్ష రాసేవాళ్లు, మాట్లాడమంటే నోరు పెగిలేది కాదు. 1922లో హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీష్ ఆయన్ని జపాన్ విద్యాశాఖ సలహాదారుగా పిలిపించుకున్నారు. ఆయన, కూతురు డొరొతీ కలిసి 1925లో టోక్యోలో 'ఇంగ్లీష్ త్రూ యాక్షన్స్' అనే పుస్తకం వేశారు. పేరులోనే ఉంది విషయం. మాస్టారు ఆజ్ఞ ఇస్తాడు, పిల్లలు చేస్తారు. ముందు చెవి, తర్వాత ఒళ్లు, ఆ తర్వాతే నోరు.

ఇక్కడ మన దేశం వైపు ఒక మలుపు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చింది. అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు టీచర్ ట్రైనింగ్ కోసం పిలిచారు. కొన్ని నెలల్లో వెళ్లిపోవాల్సిన మనిషి. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగింది, ఆమె ఇటాలియన్, కాబట్టి బ్రిటిష్ సర్కారు ఆమె మీద ఆంక్షలు పెట్టింది, కొడుకు మారియోని నిర్బంధించింది. అలా యుద్ధం అయిపోయేదాకా ఇక్కడే ఉండిపోయింది, కొంతకాలం కొడైకెనాల్‌లో. ఆ టైమ్‌లో ఆమె దగ్గర ట్రైనింగ్ తీసుకున్న మన టీచర్లు వెయ్యిమందికి పైనే.

మాంటిస్సోరి బడుల్లో చదవడం నేర్పే ఒక ఆట ఉంది. చీటీల మీద ఒక పని రాసి ఉంటుంది. పిల్లాడు ఒక చీటీ తీసుకుంటాడు, పైకి చదవడు. మనసులో చదువుకుని, లేచి వెళ్లి ఆ పని చేసేస్తాడు. టీచర్ చూస్తే చాలు, వాడికి అర్థమైందో లేదో తెలిసిపోతుంది. 'గట్టిగా చదువు' అని అరవాల్సిన పని లేదు. మన దగ్గర ఇవాళ్టికీ చదువు అంటే గొంతు. పిల్లాడు ఎంత గట్టిగా చదివితే అంత బాగా వచ్చినట్టు. అర్థమైందా అని మాత్రం ఎవరూ చూడరు.

ఇక ఈ మొత్తానికి పేరు పెట్టినవాడు అమెరికా మనిషి. జేమ్స్ ఆషర్, కాలిఫోర్నియాలో సాన్ హోసే యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. 1960లలో జపనీస్, రష్యన్ భాషలు నేర్పుతూ ప్రయోగాలు చేశాడు. పేరు 'టోటల్ ఫిజికల్ రెస్పాన్స్', పొట్టిగా టీపీఆర్. 1977లో పుస్తకంగా వచ్చింది.

ఆషర్ చూసింది ఏంటో తెలుసా? తల్లులు చంటిపిల్లలతో మాట్లాడే తీరు. మన ఇళ్లలోనే చూడండి. ఇంకా ఒక్క మాట కూడా పలకని పిల్లతో 'తాతకి దండం పెట్టు' అంటాం, చేతులు కలుపుతుంది. 'చందమామ ఏదీ?' అంటే పైకి చూస్తుంది. 'టాటా చెప్పు' అంటే చెయ్యి ఊపుతుంది. నెలల తరబడి ఆ పిల్ల ఒంటితోనే జవాబు చెప్తుంది. మనం ఎవరం 'ముందు నువ్వు దండం అనే మాట పదిసార్లు పలుకు, తర్వాత పెడుదువుగాని' అనం. బడిలో మాత్రం మొదటి రోజే 'రిపీట్ ఆఫ్టర్ మీ' అంటాం. నోరు మొదట, అర్థం తర్వాత. ఒక్కోసారి అర్థం ఎప్పటికీ రాదు.

ఆషర్ పద్ధతి చెప్పుకోవడానికి చాలా సింపుల్. టీచర్ 'స్టాండ్' అని తను నిలబడుతుంది, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆమెతో పాటు నిలబడతారు. 'వాక్' నడుస్తారు. 'స్టాప్' ఆగుతారు. తర్వాత టీచర్ కదలదు, మాట మాత్రమే చెప్తుంది. పిల్లలు చేస్తారు. అప్పుడు మాటలు కలుస్తాయి: తలుపు దగ్గరికి నడువు, తలుపు ముట్టుకో, కిటికీ చూపించు. ఆ తర్వాత అసలు మజా. పిల్లలు ముందెప్పుడూ వినని ఆజ్ఞ. 'కిటికీ దగ్గరికి నడిచి వెళ్లి, ముక్కు పట్టుకుని, ఒకసారి గెంతు.' ముక్కలన్నీ తెలిసినవే, కలయిక కొత్తది. పిల్లాడు చేశాడంటే వాడు బట్టీ పట్టలేదని, అర్థం చేసుకున్నాడని రుజువు. పైగా క్లాసంతా నవ్వు. మాట్లాడమని ఎవర్నీ బలవంతం చేయరు.

ఆషర్ చెప్పినవన్నీ నేను నెత్తిన పెట్టుకోను. మెదడు కుడి భాగం, ఎడమ భాగం అంటూ ఆయన ఇచ్చిన వివరణ నాకు మరీ సులువైపోయినట్టు అనిపిస్తుంది. 'న్యాయం', 'ఒకవేళ' లాంటి మాటల్ని గెంతి చూపించలేం. పెద్ద క్లాసులకి పోయేకొద్దీ ఈ పద్ధతి ఒక్కటే చాలదు. కానీ అయిదారేళ్ల పిల్లల మొదటి రెండు మూడు వందల మాటలకి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

సరే, ఇన్ని తెలిసి మన బడుల్లో ఏం జరిగింది?

ఏమీ జరగలేదు అనుకోకండి. చాలా జరిగింది. 1950ల చివర్లో మన పక్కనే మద్రాసు రాష్ట్రంలో 27 వేల మంది ప్రైమరీ టీచర్లకి ఇంగ్లీష్ నేర్పే పద్ధతి మార్చాలని పెద్ద ఉద్యమంలాగా నడిపారు. కొందరికి నేర్పితే వాళ్లు ఇంకొందరికి, వాళ్లు ఇంకొందరికి, మంచుముద్ద దొర్లుతూ పెద్దదైనట్టు. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇవాళ్టి ఇఫ్లూ అదే. ఆ కాలపు పద్ధతిలో వస్తువు చూపించి చెప్పడం, పని చేసి చూపించి చెప్పడం ముఖ్యం. మాస్టారు తలుపు వైపు నడుస్తూ 'నేను తలుపు దగ్గరికి వెళ్తున్నాను' అని ఇంగ్లీష్‌లో అనాలి.

అనేవారు. నడిచేవారు కూడా. నడిచింది మాత్రం మాస్టారు. అరవై మంది పిల్లలు కూర్చుని కోరస్‌గా అదే వాక్యం అనేవాళ్లు. కూర్చుని 'నేను నడుస్తున్నాను' అనడం! గూయెన్ మేనల్లుడి కథలోంచి పిల్లాణ్ని తీసేసి మరని ఒక్కదాన్నీ ఉంచినట్టు.

1980లలో ఇంకో ప్రయత్నం. బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్, ఏపీపెప్ అనేవాళ్లు. ముందు పైలట్‌గా మొదలై, తర్వాత రాష్ట్రమంతా వెళ్లింది. ఇది ఇంగ్లీష్ కోసం కాదు, మొత్తం ప్రైమరీ చదువు కోసం. చేస్తూ నేర్చుకోవాలి, గ్రూపుల్లో పని చేయాలి, ఊళ్లో దొరికే వస్తువులతో నేర్పాలి, పిల్లలు చేసినవి గోడకి పెట్టాలి. సూత్రాలు బంగారం లాంటివి. మీ అమ్మానాన్నల్ని అడగండి, సర్కారు బడిలో చదివుంటే గోడల మీద చార్టులు, తాళ్లకి వేలాడే బొమ్మలు గుర్తుంటాయి. అలాగే అంగన్‌వాడీల్లో అభినయ గేయాలు. చేతులు తిప్పుతూ, నడుం మీద చెయ్యి పెట్టి పాడే పాటలు. తెలుగులో ఆ సంపద మనకి ఎప్పటినుంచో ఉంది. అదే పిల్ల ఒకటో తరగతికి రాగానే ఒళ్లు అంగన్‌వాడీలోనే వదిలేసి రావాలి.

ఎందుకిలా ప్రతిసారీ జరిగింది? టీచర్లు బద్ధకస్తులని చెప్పేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను. ఒక్క టీచర్, రెండు మూడు తరగతులు ఒకే గదిలో. పిల్లలు లేచి గెంతితే పక్క గదిలో పాఠం ఆగిపోతుంది. పైనుంచి వచ్చే ఆఫీసర్‌కి నిశ్శబ్దంగా ఉన్న క్లాసు మంచి క్లాసు. 'క్లాస్ కంట్రోల్' లేదనే మాట పడటానికి ఏ టీచర్ ఇష్టపడతారు చెప్పండి.

కానీ నాకు ఇంకో కారణం కనిపిస్తుంది, అది ఆషర్ పుస్తకంలోనే ఉంది. టీపీఆర్ అంతా ఆజ్ఞల మీద నడుస్తుంది. లే, కూర్చో, రా, పో. ఆజ్ఞలు మన బడికి కొత్త కాదు. డ్రిల్లు మాస్టారి 'సావధాన్, విశ్రామ్' ఉన్నాయి. 'నీల్ డౌన్' ఉంది. గోడకుర్చీ ఉంది. అంటే ఒంటితో భాష నేర్పడం మనకి బాగా వచ్చు, కాకపోతే దాన్ని శిక్షకి వాడుకున్నాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని శారీరకంగా శిక్షించడం నేరుగా నిషేధం. మంచిదే. కానీ శిక్ష పోతే పాఠం వస్తుందని గ్యారంటీ లేదు. చాలాచోట్ల ఒళ్లు కదలడమే ఆగిపోయింది.

మరి ఆషర్ ఆజ్ఞకీ డ్రిల్లు ఆజ్ఞకీ తేడా ఏంటి? తేడా తర్వాతి మెట్టులో ఉంది. కొన్ని గంటల పాఠాలు అయ్యాక, పిల్లలు తమంతట తాము రెడీ అయ్యాక, వరస తిరగబడుతుంది. పిల్ల లేచి నిలబడి ఆజ్ఞ ఇస్తుంది, మిగతా పిల్లలు చేస్తారు. టీచర్ కూడా చేస్తుంది. 'టీచర్, స్టాండ్ అప్. టీచర్, జంప్.' టీచర్ గెంతుతుంది.

ఆ క్షణంలో పిల్ల నోట్లోంచి వచ్చిన ఇంగ్లీష్ ముక్కకి లోకం కదిలింది. ఒక మాట అంటే ఒక పెద్ద మనిషి లేచి గెంతింది! ఇంకోసారి అనాలని ఏ పిల్లకి అనిపించదు? అంతవరకూ టీపీఆర్ అంటే వినడం, లొంగడం. ఆ మెట్టు దాటాకే అది మాట్లాడటం అవుతుంది. మన ట్రైనింగ్‌లు, మన వీడియోలు అన్నీ ఆ ఒక్క మెట్టు ముందే ఆగిపోతాయి. యూట్యూబ్‌లో యాక్షన్ రైమ్స్ చూడండి. స్క్రీన్ మీద బొమ్మ చెప్తుంది, పిల్లలు చేస్తారు, రోజూ అదే. ఫోన్‌కి పిల్ల తిరిగి 'జంప్' అంటే ఫోన్ గెంతదు.

'సైమన్ సేస్' ఆట కూడా ఇలాంటిదే. తప్పు చేసినవాడు అవుట్, పక్కన కూర్చోవాలి. అంటే ప్రాక్టీస్ ఎవరికి ఎక్కువ కావాలో వాణ్నే ముందు బయటికి పంపిస్తున్నాం. అవుట్ లేకుండా ఆడించండి, లేదా అవుటైనవాడే తర్వాతి ఆజ్ఞ ఇవ్వాలి అనండి. ఆట మారిపోతుంది. నడవలేని పిల్ల ఉంటే 'పాయింట్', 'గివ్', 'షో', 'క్లోజ్ యువర్ ఐస్' ఉన్నాయి కదా. ఆజ్ఞ ఇవ్వడానికి కాళ్లు అక్కర్లేదు.

ఇప్పుడు మళ్లీ మద్నూర్‌కి వద్దాం. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పిల్లలకి తేలికగా ఉండాలని పుస్తకాలు రెండు భాషల్లో వేశారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. నిజామాబాద్‌లోనో, కరీంనగర్‌లోనో ఆ తెలుగు పేజీ చేతికర్ర. ఇక్కడ ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లకి, లంబాడీ మాట్లాడే పిల్లకి ఆ చేతికర్ర కూడా నేర్చుకోవాల్సిందే. రెండు పేజీల మధ్య కూర్చున్న ఆరేళ్ల పిల్ల ఎటు చూడాలి? ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేకపోతే, ట్యూషన్‌కి డబ్బు లేకపోతే, రెండో తరగతికే 'నాకు ఇంగ్లీష్ రాదు' అని ఆ పిల్ల తేల్చేసుకుంటుంది. తర్వాత లెక్కలు, సైన్స్ అన్నీ ఆ రాని భాషలోనే. నష్టం అక్కడ మొదలవుతుంది, పదో తరగతిలో కాదు.

ఒక తమాషా చెప్పనా? ఈ పద్ధతికి పైసా ఖర్చు లేదు, పైగా సర్కారు బడికే ఎక్కువ వీలు. పట్నం కాన్వెంట్లలో గది నిండా బెంచీలు, కాలు పెట్టే సందు ఉండదు. ఇక్కడి బడుల్లో చిన్న తరగతులు చాలాచోట్ల నేల మీదే. నేల ఖాళీ. బయట చెట్టు, వరండా. తొక్కుడు బిళ్ల గీతలు గీసుకుంటే చాలు: 'జంప్ ఆన్ త్రీ', 'టర్న్', 'కమ్ బ్యాక్'. మరాఠీ వైపు పిల్లలకి లేజిమ్ అడుగులు వచ్చు, మన పిల్లలకి కోలాటం వచ్చు. 'ఫార్వర్డ్', 'బ్యాక్', 'లెఫ్ట్', 'రైట్' అక్కడే అయిపోతాయి.

మీ ఇంట్లో చెల్లో, తమ్ముడో, అక్క కొడుకో ఉంటే ఈ వారం అయిదు మాటలు తీసుకోండి. మూడు రోజులు మీరు చెప్పండి, వాళ్లు చేస్తారు. పలకమని అడగొద్దు. నాలుగో రోజు మీరు లేచి నిలబడి, 'ఇవాళ నువ్వు చెప్పు, నేను చేస్తా' అనండి. తప్పుగా పలికినా సరే, అర్థమైతే చేసేయండి. ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి. అలాగే మీ తాతల్ని, నానమ్మల్ని అడిగి, వాళ్ల బడిలో డ్రిల్లు ఆజ్ఞలు ఏ భాషలో ఉండేవో కూడా రాయండి. ఉర్దూనా, మరాఠీనా, తెలుగా? ఈ సరిహద్దు బడుల డ్రిల్లు మీద ఒక ఎపిసోడ్ చేయాలని ఉంది, దానికి మీ ఇళ్లలోని మాటలే కావాలి. ఉంటాను ఫ్రెండ్స్.